స్టిక్కర్ వాల్‌పేపర్: గోడ ఒప్పుకుంటేనే అందం

ముందు గోడను అరచేత్తో గట్టిగా రుద్ది చూడండి. చేతికి తెల్లటి పొడి అంటితే ఆ గోడకు స్టిక్కర్ వాల్‌పేపర్ పనికిరాదు, ఎంత ఖరీదైన రోల్ తెచ్చినా సరే. జిగురు పొడిని పట్టుకుంటుంది, పొడి గోడను వదిలేస్తుంది. కొద్ది రోజుల్లోనే పై అంచు వాలిపోయి, షీటు మొత్తం తన బరువుకి తానే ఊడి వచ్చేస్తుంది. ఈ సరుకు మీద కనిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం రోల్‌లో ఉండదు, దాని వెనకున్న పెయింట్‌లో ఉంటుంది.

వెనక కాగితం ఒలిచి నేరుగా అతికించే ఈ వాల్‌పేపర్ ప్రధానంగా మూడు రకాలుగా దొరుకుతుంది. పీవీసీ వినైల్, పాలిస్టర్ బట్ట, ఇటుక గోడలా ఉబ్బెత్తుగా కనిపించే ఫోమ్ షీట్. మూడింటినీ ఒకే పేరుతో అమ్ముతారు కానీ గోడ మీద మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి.

వినైల్ అన్నిటికంటే చవక, డిజైన్లూ ఎక్కువే. మరకపడితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. దీనితో వచ్చే చిక్కు సాగడం. చవక వినైల్‌ను వేడి రోలర్ల మధ్య నొక్కి పల్చగా చేస్తారు. అప్పుడు లోపల మిగిలిపోయిన లాగుడు తర్వాత నెమ్మదిగా వెనక్కి తీస్తుంది, ఎండ తగిలే గోడ మీద మరీ త్వరగా. అతికించేటప్పుడు మనం లాగి పట్టుకుంటే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. అందుకే మొదటిరోజు అతుకు తెలియకుండా కుదిరిన రెండు షీట్ల మధ్య, కొన్నాళ్లకు వెంట్రుకవాసి తెల్లగీత బయటపడుతుంది. ముదురు నీలం, నలుపు, ముదురు ఆకుపచ్చ డిజైన్లలో ఆ గీత గది అవతలి నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి విరుగుడు రెండు పనులు: షీటును అసలు లాగకుండా అతికించడం, పక్క షీటు మీదికి 5 మిల్లీమీటర్లు ఎక్కించడం. ముదురు రంగు తప్పదనుకుంటే అతుకులు వచ్చే చోట గోడ మీద అదే ఛాయ పెయింట్‌తో ఒక పట్టీ ముందే వేసి, అది పూర్తిగా ఆరాక పని మొదలుపెట్టండి.

పాలిస్టర్ బట్ట రకం ఖరీదు ఎక్కువే అయినా పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఇది సాగదు, కుంచించుకోదు. ముడతపడినా వెనక్కి ఒలిచి మళ్లీ అతికిస్తే ముడత గుర్తు మిగలదు, అదే వినైల్ ఒకసారి మడతపడితే ఆ గీత ఇక పోదు. మెరుపు లేకపోవడం వల్ల పక్క నుంచి వెలుతురు పడినా గోడలోని చిన్న ఎత్తుపల్లాలు బయటపెట్టదు. లోపాలూ ఉన్నాయి. నూనె మరక పడితే పీల్చుకుంటుంది. మొండి బ్లేడుతో కోస్తే అంచు పీచు లేస్తుంది. ప్రతి రెండు మూడు కోతలకు కట్టర్ బ్లేడు కొస విరిచి కొత్త పదును తెచ్చుకోవాలి, అందులో పీనాసితనం పనికిరాదు.

ఫోమ్ షీట్లు కొనవద్దనే నా సలహా. ఎగుడుదిగుడు గోడను కప్పేయడం ఒక్కటే వీటి గొప్ప. కుర్చీ వీపు తగిలితే సొట్ట పడుతుంది, ఆ సొట్ట మళ్లీ లేవదు. వీటి జిగురు మిగతా రెండింటికంటే మొండిది, తీసేటప్పుడు పెయింట్‌నీ కొన్నిచోట్ల పుట్టీనీ పెచ్చులుగా లాక్కొస్తుంది. చెమ్మ గోడను దాచడానికి వీటిని వాడటం మరీ ప్రమాదం. తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి షీటు వెనక నల్లగా బూజు కమ్ముతుంది, వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. పొయ్యి దగ్గరైతే ఫోమ్‌నూ వినైల్‌నూ కూడా పెట్టకూడదు. వేడికి జిగురు మెత్తబడటమే కాదు, రెండూ మండే సరుకులే.

ఇక గోడ సంగతి. కొత్తగా వేసిన ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ పెయింట్) కొన్ని గంటల్లో ఆరినట్టే ఉంటుంది కానీ పూర్తిగా గట్టిపడటానికి దాదాపు 30 రోజులు పడుతుంది. అంతలోపు అతికిస్తే లోపలి తేమ వెలుపలికి రాలేక బుడగలు కడుతుంది, తీసేటప్పుడు పెయింట్ పొర షీటుతో పాటే వచ్చేస్తుంది. కాస్త నునుపుగా మెరిసే శాటిన్, సెమీ గ్లాసీ పెయింట్ల మీద జిగురు బాగా కూర్చుంటుంది. బొత్తిగా మెరుపులేని మ్యాట్ మీద పట్టు తక్కువ. మరక అంటకుండా ప్రత్యేకంగా తయారుచేసిన పెయింట్ల మీద ఇంకా తక్కువ, మరకను నిలవనివ్వని పొర జిగురును మాత్రం ఎందుకు నిలవనిస్తుంది? సున్నం, డిస్టెంపర్ గోడలకైతే పొడిని పట్టి ఉంచే ప్రైమర్ వేసి, దాని మీద ఎమల్షన్ వేసి, అది గట్టిపడ్డాకే ఈ ఆలోచన చెయ్యాలి.

చెమ్మ ఉందేమోనని అనుమానం ఉంటే, మూరెడు చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. తీసినప్పుడు లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే ముందు ఆ తేమ ఎక్కడినుంచి వస్తోందో చూసుకోవాలి. గోడ పొడిగానే ఉందని తేలాక నమూనా ముక్కను వారం పాటు అంటించి నెమ్మదిగా ఒలవండి. శుభ్రంగా వచ్చిందంటే రోల్స్ కొనొచ్చు. మూలలు వాటంతటవే లేచాయంటే గోడకు ప్రైమర్ కావాలి. పెయింట్ ఊడి వచ్చిందంటే "ఎప్పుడైనా తీసేయొచ్చు" అన్న హామీ మీ గోడకు వర్తించదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఈ పరీక్షను అస్సలు వదలొద్దు. ఆ నమూనాను పగటి వెలుతురులోనూ రాత్రి మీ గది బల్బు కిందా చూడండి. ఫోన్‌లో బూడిద రంగుగా నచ్చినది 2700 కెల్విన్ పసుపు వెలుగులో మట్టిరంగుకు తిరగొచ్చు.

ఎన్ని రోల్స్ కావాలో వైశాల్యంతో లెక్కేస్తే తప్పుతుంది, షీట్ల లెక్కన చూడాలి. గోడ వెడల్పు 3.6 మీటర్లు, ఎత్తు 2.7 మీటర్లు అనుకుందాం. రోల్ వెడల్పు 45 సెంటీమీటర్లు, పొడవు 10 మీటర్లు. ఒకదాని మీద ఒకటి ఎక్కించే 5 మిల్లీమీటర్లు పోతే ఒక్కో షీటు కప్పేది 44.5 సెంటీమీటర్లు. ఎనిమిది షీట్లకు 4 సెంటీమీటర్లు తక్కువ పడతాయి కాబట్టి తొమ్మిది కావాలి. కింద పైన కోతకు 10 సెంటీమీటర్లు కలిపితే షీటు పొడవు 2.8 మీటర్లు, రోల్‌కు మూడు వస్తాయి, మూడు రోల్స్ సరిపోతాయి. అదే డిజైన్ ప్రతి 90 సెంటీమీటర్లకు ఒకసారి తిరిగి వచ్చేదైతే పువ్వుకి పువ్వు కలవడానికి ఒక్కో షీటు 3.6 మీటర్లు కత్తిరించాలి. అప్పుడు రోల్‌కు రెండే వస్తాయి, ఐదు రోల్స్ తేవాలి. పెద్ద డిజైన్లు చివరికి ఖర్చెక్కువ అవడానికి కారణం ఇదే. రోల్స్ అన్నిటి మీదా బ్యాచ్ నంబర్ ఒకటేనా అని ప్యాకెట్లు విప్పకముందే చూడండి. వేరే బ్యాచ్ రంగు చేతిలో తేడా తెలియదు, గోడ మీద పక్కపక్కన పడితే తెలుస్తుంది.

పని ముందురోజు గోడను పలచని సబ్బునీళ్లతో, తర్వాత మామూలు నీళ్లతో తుడిచి 24 గంటలు ఆరనివ్వాలి. బొడిపెలుంటే 220 నంబర్ సాండ్‌పేపర్‌తో రుద్ది దుమ్ము తుడవాలి. గది మూలను నమ్మి మొదటి షీటు మొదలుపెట్టకండి, మూలలు నిట్టనిలువుగా ఉండటం అరుదు. మూల నుంచి 44 సెంటీమీటర్ల దూరంలో, దారానికి బరువు కట్టి వేలాడదీసి పెన్సిల్‌తో నిలువు గీత గీయండి. షీటు అంచు ఆ గీతను పట్టుకుంటుంది, అటుపక్క మిగిలిన సెంటీమీటరు మూల మీదికి తిరుగుతుంది. ఇక్కడ 3 మిల్లీమీటర్ల వాలు పట్టించుకోకపోతే ఐదో షీటు దగ్గరికి వచ్చేసరికి డిజైన్ పైకప్పు గీతతో పోట్లాడుతుంది.

వెనక కాగితం మొత్తం ఒకేసారి ఒలవకూడదు. పైన ఒక జానెడు మాత్రం ఒలిచి అంటించి, గీతతో సరిచూసుకుని, ఒకరు కిందినుంచి కాగితం లాగుతుంటే ఇంకొకరు మెత్తటి ఫెల్ట్ బట్ట అంచున్న స్క్వీజీతో (చదునైన నొక్కుడు పలకతో) నడిమినుంచి పక్కలకు నొక్కుతూ దిగాలి. వంకర పోతే అక్కడికక్కడే వెనక్కి ఒలిచి సరిచేయండి. జిగురు పట్టు మొదటి గంటలకంటే ఒకటి రెండు రోజుల తర్వాత చాలా ఎక్కువగా ఉంటుంది, "రేపు సరిచేద్దాం" అంటే కుదరదు. స్విచ్ బోర్డు దగ్గర మెయిన్ ఆపి, ప్లేటు విప్పి, దాని మీదుగా అంటించి, గుణకారం గుర్తులా కోసి, రంధ్రాన్ని ప్లేటుకంటే చుట్టూ సెంటీమీటరు చిన్నదిగా కత్తిరించి ప్లేటు బిగిస్తే అంచులు కనిపించవు.

ఎక్కడ వేస్తే బాగుంటుందన్నది అభిరుచిని బట్టి మారేదే అయినా, గది నాలుగు గోడలకూ వేయడం కంటే ఒక్క చోట వేస్తేనే ఈ సరుకు ఎక్కువ రాణిస్తుంది. పుస్తకాల అల్మారా వెనక పలక దీనికి అతి చక్కని చోటు. నునుపైన లామినేట్ కాబట్టి పట్టు బలంగా ఉంటుంది, అరలు అడ్డొస్తాయి కాబట్టి అతుకులు కనిపించవు, ఒక్క రోల్‌తో అయిపోతుంది. మంచం వెనక గోడకైతే కింది మూడో వంతు వరకే వేసి పైన సన్నటి చెక్క పట్టీ బిగించడం ఇప్పటి ఇళ్లకు బాగా నప్పుతుంది. ముందుగా లేచే పై అంచును ఆ పట్టీయే నొక్కి పెడుతుంది కూడా. నిలువు చారల డిజైన్ గోడలోని ప్రతి వంకరనూ చాటింపు వేస్తుంది, ఆకులూ తీగెలూ ఉన్నవి దాచేస్తాయి. పైకప్పుకు వినైల్ వద్దు.

తీసేటప్పుడు పై మూలను హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేసి, షీటును గోడకు దగ్గరగా మడిచి కిందికి మెల్లగా లాగాలి. ఎదురుగా మనవైపు గుంజితే పెయింట్ లేస్తుంది. మిగిలిన జిగురుకు సబ్బు కలిపిన వేడినీళ్లు చాలు. ఆల్కహాల్ వాడితే ఎమల్షన్ కూడా కరగొచ్చు, అందుకే ముందు కనపడని మూలలో రాసి చూడండి. ఒలిచిన వినైల్‌ను మళ్లీ గోడకు వాడుకోవచ్చనే ఆశ పెట్టుకోకండి. బట్ట రకాన్ని మాత్రం దాని వెనక కాగితానికే తిరిగి అంటించి చుట్టి పెడితే చిన్న అలమరకో సొరుగు అడుగుకో పనికొస్తుంది.