పన్నీరు రోజానా, డచ్ రోజానా? తిరుపతి ఇంటికి ఏది మేలు

తిరుపతి పూల అంగళ్లలో ఈ రెండు రోజాలూ ఇప్పుడు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి లేత గులాబీ రంగులో, పొట్టి కాడతో, గంపలో విడిపూలుగా తూకానికి అమ్మే పన్నీరు రోజా. ఇంకోటి మూరెడు కాడతో, మొగ్గకు వల తొడుక్కుని కట్టలుగా దిగే డచ్ రోజా. నన్నడిగితే ఇంటికి పన్నీరు రోజానే తెచ్చుకోమంటాను. డచ్ రోజా మేలనిపించే పని ఒక్కటుంది, అదీ చెప్తాను.

ముందు వాసన సంగతి. పన్నీరు రోజాలు ఒక గుప్పెడు పళ్లెంలో పోసి పెడితే చాలు, పూజగది దాటి వసారా దాకా వస్తుంది వాసన. డచ్ రోజాను ముక్కుకు ఆనించుకున్నా ఆకు వాసనే ఎక్కువ. పెట్టెల్లో దూరప్రయాణం తట్టుకోవాలి, కాడ నిటారుగా ఉండాలి, రేకు రాలకూడదు అంటూ తరతరాలుగా ఎంచి పెంచిన రకాలివి. ఆ ఎంపికలో వాసనను ఎవరూ పట్టించుకోలేదు. 2015లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు రెండు ఎర్ర గులాబీలను పోల్చి చూశారు: ఘుమఘుమలాడే పాపా మేయాన్, వాసన లేని రూజ్ మేయాన్. గులాబీ పరిమళానికి ముఖ్యమైన జెరానియాల్ తయారీకి తోడ్పడే ఒక ఎంజైమ్ మొదటిదాంట్లో చురుగ్గా ఉంది, రెండోదాంట్లో దాదాపు లేదు. చూపుకు రెండూ ఎర్రగానే ఉంటాయి మరి!

ఇక అర్థాల విషయం. ఎరుపంటే ప్రేమ అంటూ పూలకు అర్థాలు చెప్పే లెక్క 19వ శతాబ్దపు యూరప్‌లో బాగా ప్రచారమైంది. ఫిబ్రవరి 14 దగ్గరపడితే పక్క రాష్ట్రం తమిళనాడులోని హోసూరు తోటలకు ఊపిరాడదు. అక్కడి ఎర్ర తాజ్‌మహల్ రకం విదేశాలకూ పోతుంది. మన ఇళ్లల్లో మాత్రం రోజా అంటే పెళ్లిలో బుడ్డితో చిలకరించే పన్నీరు, అమ్మవారి పటానికి పెట్టే పువ్వు, జడలో ఆకుతో సహా గుచ్చుకునే ఒంటి రోజా. ఈ మూడింటికీ పన్నీరు రోజానే సరి.

జడలో పెట్టుకుని కొండెక్కేవాళ్లకు ఒక మాట. తిరుమలలో పూలన్నీ స్వామివే, తలలో పెట్టుకోకూడదు. స్వామికి అలంకరించిన పూలను భక్తులకు ఇవ్వరు. పూర్వం పూలబావిలో వేసేవారు, 2021 నుంచి దేవస్థానం తన గుళ్లలో వాడిన పూలతో అగరుబత్తీలు చేయిస్తోంది. ఎంత చక్కని ఏర్పాటో!

మిద్దె మీద కుండీలో పెంచాలన్నా నా ఓటు పన్నీరుకే. వానాకాలంలో పెన్సిలంత లావు కొమ్మ నాటితే వేరూనుతుంది. నర్సరీలో దొరికే పెద్ద పూల హైబ్రిడ్‌లు ఎక్కువగా అంటుమొక్కలు. అంటు కట్టిన చోటుకు కింద నుంచి పిలక లేస్తే వెంటనే తుంచెయ్యాలి, లేదంటే అడుగు మొక్కే పెరిగి పైరకాన్ని మింగేస్తుంది. మన ఎండ 40 డిగ్రీలు దాటే నెలల్లో రెండింటికీ మధ్యాహ్నం నీడ వల కావాల్సిందే.

ఇంకో రకం, చిట్టి బటన్ రోజా, దండకు బాగుంటుంది, అంతవరకే.

పన్నీరు రోజాకు ఒక్కటే లోటు: నిలవదు. పొద్దున కొన్న పువ్వు సాయంత్రానికి రేకులు వదిలేస్తుంది. అందుకే ఎవరికైనా బొకే ఇవ్వాలన్నా, ముందుగది కూజాలో నాలుగైదు రోజులు ఉండాలన్నా డచ్ రోజానే కొనండి. కొనేటప్పుడు మొగ్గ అడుగున, కాడ కలిసేచోట, వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే తాజాది, మెత్తగా ఉంటే పాతది. వాడిన పైరేకులు పీకేసి కొత్తదిలా నిలబెట్టినా అడుగు మెత్తదనం దాగదు. ఇంటికొచ్చాక కాడను ఏటవాలుగా కోసి నీళ్లలో పెట్టండి, రోజూ నీళ్లు మార్చండి. డచ్ రోజా రేకులతో గుల్కంద్ (రేకులు, చక్కెర కలిపి చేసే తీపి) మాత్రం చెయ్యకండి, వాటి మీద మందులు కొట్టి ఉంటారు. గుల్కంద్‌కు మన కుండీలో మందు కొట్టకుండా పూసిన పన్నీరు రేకులే కావాలి.