పాతరలో వైన్: కాఖేతిలో మూడు రోజులు

మా అక్క కూతురు జార్జియా దేశ రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతోంది. దాన్ని చూసే వంకతో నేనూ మా ఆయనా అక్టోబర్ మొదట్లో అక్కడికి వెళ్లాం. అందరూ ఎగబడే కజ్బెగి మంచుకొండలు ఈసారికి వద్దనుకుని, మూడు రోజులూ తూర్పున ఉన్న వైన్ సీమ కాఖేతిలోనే తిరిగాం. కాకసస్ కొండల కింద అలజాని లోయ పొడుగునా ఎటు చూసినా ద్రాక్షతోటలే. సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోతలు, దాన్ని వాళ్లు ర్త్వేలి అంటారు. మేం వెళ్లేసరికి దాదాపు అయిపోవచ్చింది, ఊళ్లన్నీ పులుపు వాసన.

మొదటి రోజు చేసిన తప్పు ముందే చెప్పేస్తా. చవగ్గా వస్తుందని టిబిలిసి నుంచి ఒక్కరోజు గ్రూప్ టూర్ ఎక్కాం. పొద్దున ఎనిమిదింటికి ఎక్కించి రాత్రి తొమ్మిదింటికి దించారు. ఒక పెద్ద వైనరీలో ఇరవై నిమిషాల్లో ఆరు గ్లాసులు, ఒక్కోదాంట్లో రెండు వేళ్ల ఎత్తు, ఏది ఏ ద్రాక్షో తెలిసేలోపు తర్వాతిది, ఆఖరికి అందర్నీ కౌంటర్ దగ్గరికి తోలారు. బోద్బే మఠంలో ఇచ్చింది పావుగంట! ద్రాక్షకొమ్మలతో సిలువ కట్టిందని చెప్పుకునే సెయింట్ నీనో సమాధి ఉన్న చోటది, పావుగంటలో క్యూ కూడా కదల్లేదు.

మర్నాడు మా అక్క కూతుర్ని వెంటేసుకుని, మార్షుట్కా అనే వ్యాన్‌లో అదే దారిన మళ్లీ సిగ్నాగి వెళ్లాం. దూరం 110 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. కొండ మీది ఊరు, 18వ శతాబ్దపు కోటగోడ, ఎదురుగా లోయ, ఆ వెనకాల కాకసస్. ఫొటోలకి బాగుంటుంది, హోటళ్లలో ఆ వ్యూకి కూడా బిల్లేస్తారు. మాకిచ్చిన గది చిన్నది, బాల్కనీ పెద్దది, వేడినీళ్లు మొదట స్నానం చేసినవాళ్లకే. ఒక్క రాత్రి చాలు.

ఈ యాత్రలో నాకు మిగిలిందంతా మూడో రోజుది. తెలావి అనే ఊరి దగ్గర ఒక పల్లెలో, సొంత తోట, సొంత మరానీ ఉన్న ఇంట్లో దిగాం. మరానీ అంటే వైన్ గది. లోపలికెళ్తే పీపాలు లేవు, సీసాలు లేవు, నేల మీద గుండ్రటి మూతులు మాత్రం కనిపించాయి. వాటి కింద మెడదాకా పూడ్చిన పెద్ద మట్టి కాగులు, క్వెవ్రీలు. మా తాతగారింట్లో జొన్నల పాతర చూసినదాన్ని కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు. భూమిలో ఉంటే చల్లదనం ఏడాది పొడుగునా పెద్దగా మారదు, కిటుకంతా అదే. తెల్ల ద్రాక్షనైనా తొక్క, గింజతో సహా అందులో వేసి పులియబెడతారు. తర్వాత మూతేసి మట్టితో మెత్తేసి ఐదారు నెలలు వదిలేస్తారు. కాగు అడుగు కోసుగా ఉంటుంది కాబట్టి గింజలు అక్కడికి జారిపోతాయి. ఈ పద్ధతిని 2013లో యునెస్కో గుర్తించింది. జార్జియాలో 8,000 ఏళ్ల కిందటి మట్టిపాత్రల ముక్కల్లోనే వైన్ జాడలు దొరికాయి.

ఆ ఇంటాయన ఒక మూత తీసి పొడుగాటి కర్రతో పైకి తేలిన తొక్కల్ని కిందికి నొక్కి, ఏదో అన్నాడు. "పిన్నీ, వంగి చెవి పెట్టి వినమంటున్నాడు," అంది మా అమ్మాయి, ఆసుపత్రి వార్డుల్లో నేర్చుకున్న జార్జియన్‌తో. విన్నా. చిన్న చినుకులు పడుతున్నట్టు చిటపట. ఎక్కువసేపు వంగకు, ఆ గాలికి కళ్లు తిరుగుతాయని ఆయనే వెనక్కి లాగాడు.

ఇక ద్రాక్షలు. జార్జియాకే సొంతమైన రకాలు 500 పైనే. మేం నాలుగింటిని గుర్తుపట్టగలిగాం. ర్కాత్సితెలి తెల్ల ద్రాక్షే, కానీ క్వెవ్రీలో తొక్కలతో ఉండి కాషాయం రంగుకొస్తుంది. వగరు, బాగా మరిగిన టీ డికాక్షన్‌లా నాలుకని పట్టేస్తుంది. నాకు మొదటి గ్లాసు ఎక్కలేదు, భోజనంతో తాగితే ఎక్కింది. మ్త్స్‌వానే తేలిక, పూల వాసన. కిసి నా ఫేవరెట్, ఎండబెట్టిన ఆప్రికాట్ గుర్తొచ్చింది. సపెరావి మాత్రం వేరే కథ. మామూలుగా నల్ల ద్రాక్ష పిండినా రసం తెల్లగానే ఉంటుంది, దీని కండ కూడా ఎరుపే, పేరుకే "రంగు" అని అర్థమట. నేరేడుపళ్లు తిన్న పిల్లల్లా ముగ్గురం నాలుకలు చూసుకుని నవ్వుకున్నాం. వగరు పడనివాళ్లు అదే సపెరావితో చేసే కాస్త తియ్యటి కింజ్మరౌలితో మొదలుపెట్టొచ్చు.

రాత్రి భోజనంలో లోబియో అనే చిక్కుడుగింజల కూర, అక్రోట్ ముద్ద పెట్టిన వంకాయ, మట్టి పొయ్యి గోడకి కొట్టి కాల్చిన రొట్టె. శాకాహారులకి ఢోకా లేదు. పెద్దాయన తమదా, అంటే విందుకి పెద్ద. ఆయన ఆ సంగతీ ఈ సంగతీ చెప్పి "గౌమర్జోస్" (మన చీర్స్ లాంటిది) అనేదాకా ఎవరూ తాగకూడదు. మా ఆయన ముందే ఒక గుక్క వేశారు, టేబులంతా ఆగిపోయింది. "బాబాయ్, గ్లాసు దించు," అని పిల్ల గొణిగింది. చనిపోయినవాళ్ల పేరున కూడా ఒక గ్లాసు తాగుతారు, అప్పుడు ఇంటామె కళ్లు తుడుచుకుంది, మేమూ మావాళ్లని తలుచుకున్నాం. ఆఖర్న చాచా, వడకట్టాక మిగిలిన పిప్పితో కాచేది. అచ్చం మన నాటుసారా, జాగ్రత్త.

ముగ్గురికి గది, రెండు పూటలా భోజనం, ఆ వైనంతా కలిపి సిగ్నాగి గది కన్నా తక్కువే అయింది. బాత్రూమ్ బయట ఉంటుంది, ఇంగ్లిష్ రాదు, అదొక్కటీ చూసుకోండి. దగ్గర్లోని అలవెర్ది మఠానికి వెళ్తే ఆడవాళ్లకి తల మీద స్కార్ఫ్ ఉండాలి. తిరుగు ప్రయాణానికి గోంబోరి కనుమ మీదుగా షేర్ టాక్సీ పట్టండి, మలుపులకి కడుపులో తిప్పుతుంది గానీ అడవి చాలా బాగుంటుంది. దారిలో చుర్చ్‌ఖేలా కొనండి, అక్రోట్లు దారానికి గుచ్చి, చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరేస్తారు, మన తాండ్ర లాగే సాగుతుంది. వైన్ మాత్రం మనిషికి రెండు లీటర్లు దాటితే ఇక్కడ దిగాక కస్టమ్స్ కట్టాలి. మేం కిసి సీసాలు మా ఆయన లుంగీల్లో చుట్టి తెచ్చాం, ఒక్కటీ పగల్లేదు.