వేపాకు మలాము: కొబ్బరి నూనెతోనా, నువ్వుల నూనెతోనా?

మలామును గట్టిపరిచేది తేనెమైనమే అయినా, ఎంత మైనం పడుతుందో తేల్చేది నూనె. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అందుకే చలికాలంలో గోటికి లొంగని మలాము మే నెలలో డబ్బాలోనే జారిపోతుంది. నువ్వుల నూనె ఏ కాలంలోనైనా ద్రవమే. 100 గ్రాములకు 20 గ్రాముల మైనం వేస్తే ఏడాదంతా దాదాపు ఒకే మెత్తదనం. మన ఎండలకు ఇదే మేలు. నువ్వుల నూనె వాసన గిట్టనివాళ్లు కొబ్బరి నూనే వాడుకోవచ్చు, వేసవిలో మైనం 25 గ్రాములకు పెంచాలి.

పని రెండింటికీ ఒకటే. నీడన గలగలలాడేదాకా ఎండిన వేపాకును నూనెలో వేసి, ఆ గిన్నెను నీళ్ల గిన్నెలో పెట్టి సన్నసెగపై రెండు గంటలు ఉంచాలి. వడకట్టాక మైనం కరిగించాలి. పచ్చాకు వేశారంటే దాని తడి అడుగున చేరి బూజు పడుతుంది. డబ్బాలో పోసేముందు చల్లటి చెంచాపై ఒక చుక్క వేసి చూడండి. గట్టిగా అనిపిస్తే నూనె, పలుచగా ఉంటే మైనం కలపాలి.

కొనేటప్పుడైనా చూడాల్సింది ఇదే: వేలి వేడికి కరగాలి, రవ్వరవ్వగా తగలకూడదు, మూత లోపల నీటి చుక్కలు, పాతనూనె కంపు ఉండకూడదు.