ట్రైనింగా, దీక్షా కోర్సులా, మోడల్ పేపర్లా, కాంప్లెక్స్ మీటింగా: పరాఖ్‌కు టీచరు తయారవ్వాలంటే ఏది మేలు?

మొన్న కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బళ్ల టీచర్లం నెలనెలా కలిసేది) అయిపోయి అందరం బండ్లు తీసుకుంటుంటే, 2024 డీఎస్సీలో వచ్చిన ఒక మేడం నా పక్కన ఆగింది. "సార్, నేను అక్టోబర్‌ల జాయిన్ అయితే డిసెంబర్ 4నే పరాఖ్ వచ్చె. అప్పుడు నాకు ఏం తెల్వలే. మళ్ల వచ్చేసరికి తయారుండాలంటే ఏది పట్టుకోవాలె? ట్రైనింగా, దీక్షాలో కోర్సులా, మోడల్ పేపర్లా?" అని అడిగింది.

పరాఖ్ అంటే దేశమంతా కొన్ని బళ్లు ఎంచి పిల్లలకు ఏం వచ్చో చూసే పరీక్ష, దీక్షా అంటే టీచర్లకు ఆన్‌లైన్ కోర్సులుండే ప్రభుత్వ యాప్. హెల్మెట్ పెట్టుకుని చెప్పేంత చిన్న జవాబు కాదిది. ఇరవై ఏళ్లు దాటింది నేను ఎస్జీటీగా (ప్రాథమిక బడి టీచరుగా) చేరి. ఎక్కువ కాలం దేవరకొండ చుట్టుపక్కల తండా బళ్లలో, మధ్యలో కొన్నేళ్లు అచ్చంపేట వైపు పనిచేశాను. ఆమె చెప్పిన మూడూ చూశాను, ఆమె చెప్పని నాలుగోదీ చూశాను. ఇంటికెళ్లి ఆమెకు పెద్ద మెసేజ్ పెట్టాను. అదే ఇక్కడ ఇంకొంచెం విడమరిచి రాస్తున్నాను.

ముందు పరీక్ష సంగతి. దీనికి ముందున్న జాతీయ సర్వే న్యాస్ 3, 5, 8, 10 తరగతులకు జరిగేది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ కింద పరాఖ్ అనే సంస్థ ఏర్పడ్డాక, దాని పేరుతోనే మనం పిలిచే 2024 సర్వే 3, 6, 9 తరగతులకు మారింది. దేశం మొత్తం మీద 74 వేలకు పైగా బళ్లు, 21 లక్షలకు పైగా పిల్లలు. ఇది శాంపిల్ పరీక్ష కాబట్టి మన బడి రావచ్చు, రాకపోవచ్చు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టే పరీక్ష. దీనికి పూర్తిగా వేరే రకం 2022 మార్చిలో జరిగిన ఎఫ్ఎల్ఎస్ (పునాది చదువు సర్వే). అందులో మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చదివించారు, లెక్కలు అడిగారు. 20 భాషల్లో, దాదాపు 86 వేల మంది పిల్లల్ని. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలన్న నిపుణ్ భారత్ లక్ష్యం 2026-27 కాబట్టి ఈ రెండు రకాలూ మనల్ని వదిలేవి కావు. ఒకటి పిల్లాడు మౌనంగా గుర్తు పెట్టేది, రెండోది మన చెవికి వినిపించేది. టీచరు ఈ రెండింటికీ తయారుండాలి.

మోడల్ పేపర్లు

త్వరగా తేల్చేస్తాను. రెండు రోజులు చాలు. ఎవరో తెలియని మనిషి తరగతిలోకి వచ్చి పుస్తకం ఇస్తే తండా పిల్లలు బిగుసుకుపోతారు, పేరు అడిగినా చెప్పరు. ఆ బెరుకు పోవడానికి పక్క బడి టీచరును పిలిపించి ఒక పేపరు రాయించడం మంచిదే. అంతకు మించి రోజూ పేపర్లు కుమ్మిస్తే, చదవడం రాని పిల్లాడు పక్కవాడి గుర్తు చూసి పెట్టడం నేర్చుకుంటాడు. అది మాత్రం చాలా తొందరగా నేర్చుకుంటారు.

దీక్షాలో కోర్సులు

నిష్ఠా అనే కేంద్రం టీచర్ ట్రైనింగ్ కింద పునాది అక్షరాస్యత, సంఖ్యా జ్ఞానం మీద 12 కోర్సులు వచ్చాయి. చివర్లో క్విజ్ ఉంటుంది, 70 శాతం వస్తే సర్టిఫికెట్. నా సంగతి దాచుకోను. వీడియో ఒకవైపు నడుస్తుంటే నేను ఇంకోవైపు అన్నం తిన్నాను. క్విజ్ పాసయ్యాను, సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఇప్పుడు ఆ 12లో ఏముందో చెప్పమంటే రెండు కోర్సుల గురించి చెప్పగలను. ఆ రెండూ నాకు అవసరం పడి మళ్లీ తెరిచినవి. ఒకటి ఇంటి భాష వేరుగా ఉన్న పిల్లలకు చదువు చెప్పడం గురించి, ఇంకోటి సంఖ్యల గురించి.

అట్లని కొట్టిపారేయలేను. సింగిల్ టీచర్ స్కూల్లో ఉన్నవాళ్లకు బయటికి పోవడమంటే బడికి తాళం వేయడమే. చందంపేట వైపు అలాంటి బళ్లు చూశాను. టీచరు ట్రైనింగ్‌కు వెళ్తే పిల్లలు గొర్ల వెంట పోతారు. వాళ్లకు రాత్రి పూట ఫోన్లో చూసుకోవడమే దారి. కాకపోతే 12 కాదు, కావలసిన రెండు. అవి కూడా అన్నం తిన్నాక.

ఎమ్మార్సీ (మండల రిసోర్స్ సెంటర్)లో ట్రైనింగ్

2022లో తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం రాష్ట్రం తెచ్చిన కార్యక్రమం) మొదలైనప్పుడు అందరం చూసిందే. రాష్ట్రంలో కొందరికి చెబుతారు, వాళ్లు జిల్లాలో చెబుతారు, జిల్లాలో విన్నవాళ్లు మండలంలో మాకు చెబుతారు. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతును అడిగితే ఈ సంగతి బాగా చెప్తాడు. తూము దగ్గర పారినంత నీరు చివరి మడికి రాదు. రాష్ట్రస్థాయిలో ఒక పూట చేయించిన కృత్యం మా దగ్గరికి వచ్చేసరికి ఒక స్లైడు అవుతుంది. "ఇట్ల చేయాలన్నమాట" అని తర్వాతి స్లైడుకు పోతారు.

భాష విషయంలో నాకు దీనివల్ల పెద్దగా ఒరిగింది లేదు. గణితంలో మాత్రం మాట వేరు. మనలో చాలామందికి లెక్క చేయడం వచ్చు, అది ఎందుకట్లా చేస్తామో రాదు. తీసివేతలో "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని పాతికేళ్లుగా చెబుతున్నాం. ఒక ట్రైనింగ్‌లో మాకు చెప్పే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) సార్ స్లైడులు పక్కన పెట్టి చీపురు పుల్లలు తెచ్చాడు. పదేసి పుల్లలు రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించాడు. 53 అంటే ఐదు కట్టలు, మూడు విడి పుల్లలు. 27 తీయమన్నాడు. మూడు పుల్లల్లోంచి ఏడు రావు, ఒక కట్ట విప్పాలి. విప్పితే 13 విడి పుల్లలు, నాలుగు కట్టలు. అప్పూ లేదు, పక్కిల్లూ లేదు. మా వెనక బెంచీలో నాకంటే సీనియర్ సార్ ఒకాయన రబ్బరు బ్యాండు చేతిలో పట్టుకుని కాసేపు అట్లనే చూస్తూ కూర్చున్నాడు. గణితంలో మనకే అర్థం కాని చోటు ఉంటే, తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని చేతులతో చేయించాల్సిందే. వీడియోలో పుల్లల కట్ట ఎవరూ విప్పరు.

ట్రైనింగ్‌తో అసలు చిక్కు అది పెట్టే నెల. న్యాస్ 2017లో నవంబర్ 13న జరిగింది, 2021లో నవంబర్ 12న. పరాఖ్ 2024లో డిసెంబర్ 4న. మన నల్గొండ, పాలమూరు పల్లెల్లో ఈ రెండు నెలలూ పత్తి ఏరే రోజులు. హాజరు పట్టీ తీస్తే సగం గళ్లు ఖాళీ. "బావి కాడికి పోయింది సార్, పత్తి ఏరనీకి" అని పక్క పిల్ల చెబుతుంది. పరీక్ష అట్ల వస్తుంది కదా అని అక్టోబర్‌లో టీచర్లను కూడా ట్రైనింగ్‌కు తీసుకుపోతే, ఉన్న ఆ కొద్దిమంది పిల్లలకు చెప్పేవాళ్లుండరు. జూన్‌లో పెడితే ట్రైనింగ్ పనికొస్తుంది. దసరా దాటాక పెట్టేదాన్ని నేను ఓడీ (ఆన్ డ్యూటీ) అనే అంటాను, ట్రైనింగ్ అనను.

కాంప్లెక్స్ మీటింగ్

మేడం తన మాటల్లో దీన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. తప్పు ఆమెది కాదు. నెలనెలా జరిగే మీటింగ్‌లో పొద్దుటి పూటంతా సర్క్యులర్లు, యూడైస్‌లో ఎక్కించే బడి వివరాలు, మధ్యాహ్న భోజనం బిల్లులతోనే గడిచిపోతుంది. మధ్యాహ్నం ఒక మాదిరి పాఠం చెప్పించి, చాయ్ తాగి లేస్తాం. అయినా నాకు తెలిసి పరాఖ్ లాంటి పరీక్షకు టీచరును తయారు చేయగల చోటు ఇదే. కారణం అక్కడికి మన పిల్లల కాగితాలు తీసుకుపోవచ్చు.

ఒకసారి మేం అదే చేశాం. ఎనిమిది బళ్ల నుంచి మూడో తరగతి పిల్లలు చేసిన ఒకే లెక్క తెచ్చుకున్నాం. ట్రైనింగ్‌లో చేసిన 53 − 27. నాలుగు జవాబులిచ్చాం: 26, 34, 36, 80.

26 పెట్టినవాళ్లకు వచ్చు. 80 పెట్టిన పిల్ల గుర్తు చూడకుండా కూడేసింది. 34 పెట్టినవాడు 3లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 3 తీసి 4 వేశాడు, పెద్దదాంట్లోంచి చిన్నది తీయడమే వాడికి తెలిసిన తీసివేత. 36 పెట్టినవాడు కట్ట విప్పాడు, 13లోంచి 7 తీసి 6 వేశాడు, కానీ విప్పిన కట్టను తగ్గించడం మర్చిపోయాడు. ముగ్గురిదీ తప్పే, మార్కు ముగ్గురికీ సున్నానే. కానీ ముగ్గురికీ రేపు చెప్పాల్సింది వేరు. 80 పెట్టిన పిల్లకు గుర్తు చూపిస్తే చాలు. 36 వాడికి ఒక మాట చెబితే సరిపోతుంది. 34 వాడిని పుల్లల దగ్గర వారం కూర్చోబెట్టాలి.

ఇంతకంటే మంచి ముచ్చట హైస్కూల్ మ్యాథ్స్ సార్ చెప్పాడు. "53 కాకుండా 52 − 27 ఇచ్చి చూడండి" అన్నాడు. ఒప్పు జవాబు 25. తిరగేసి తీసినవాడికి 7లోంచి 2 పోతే 5, జవాబు 35. కట్ట తగ్గించడం మర్చిపోయినవాడికి 12లోంచి 7 పోతే 5, జవాబు అదే 35. రెండు వేరువేరు జబ్బులు, ఒకటే లక్షణం. ఒకట్ల స్థానంలో రెండంకెల తేడా సరిగ్గా 5 ఉంటే ఎప్పుడైనా ఇంతే. ఎన్నేళ్లుగా అలాంటి లెక్కలిచ్చి పిల్లల తప్పులు కలిపేసుకున్నానో! జవాబులు ఎట్ల ఎంచుతారో ఒక్కసారి అర్థమైతే, ప్రామాణిక పరీక్ష అంటే ఉండే టెన్షన్ సగం తగ్గుతుంది. ఆ తర్వాత మనమే అలాంటి ప్రశ్న తయారు చేసుకోవచ్చు.

పరాఖ్ ఆరో తరగతికి మారాక దీనికి ఇంకో కారణం కలిసింది. మన దగ్గర ఐదు చదివిన పిల్లాడు జడ్పీ హైస్కూలుకో గురుకులానికో పోయాక వాడికి ఈ పరీక్ష వస్తుంది. వాళ్లు "మీ పిల్లలే, ఏం నేర్పి పంపిన్రు" అంటారు, మనం "మా దగ్గరున్నప్పుడు వచ్చు" అంటాం. వాళ్లూ మనమూ ఒకే బల్ల ముందు కూర్చునేది కాంప్లెక్స్‌లోనే.

చదువు విషయానికి వస్తే, ఇంకోసారి ఒక మేడం తన ఫోన్లో పిల్ల చదివిన ఒక్క నిమిషం రికార్డు చేసుకొచ్చింది. లంబాడీ పిల్ల, మూడో తరగతి. అందరం కాగితం మీద ఒప్పు పదాలు లెక్క పెట్టాం. ఒకే గొంతు, ఒకే నిమిషం, నలుగురికి నాలుగు లెక్కలు వచ్చాయి. "అమ్మమ్మ"ను ఆ పిల్ల "అమమ" అని చదివింది. ఒత్తు పోయింది కాబట్టి తప్పు అన్నారు కొందరు, ఒప్పుకున్నాం. తర్వాత పుస్తకంలో "వెళ్ళాడు" అని ఉంటే పిల్ల చూసి, ఏమాత్రం ఆగకుండా "పోయిండు" అంది.

దాని మీద అరగంట వాదన జరిగింది. అచ్చులో ఉన్న పదం చదవలేదు కాబట్టి తప్పు అని ఒకరు. అర్థం కాకపోతే ఆ మాట నోటికెట్ల వస్తుంది అని ఇంకొకరు. ఇంట్లో అమ్మను యాడీ అని పిలిచే పిల్ల, ఊళ్లో తెలుగు విని నేర్చుకుని, పుస్తకం తెలుగును మన తెలుగులోకి మార్చి చెప్పింది. నా లెక్కలో నిమిషానికి ఎన్ని పదాలు అనే గడిలో అది తప్పే, కానీ ఆ పిల్ల చదవడం రాని పిల్ల కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని "వె... ళ్ళా... డు" అని చివరికి ఏం చదివిందో చెప్పలేని పిల్లతో దీన్ని ఒకే గాటన కట్టకూడదు. ఎఫ్ఎల్ఎస్‌లో ఏ భాషకు ఆ భాషలో విడిగా ప్రమాణం పెట్టారు. మన భాషలో "వెళ్ళిపోతున్నప్పుడు" అన్నది ఒక్క పదం, హిందీలో అదే మాటకు మూడు నాలుగు పదాలవుతాయి. పదాలు లెక్కపెట్టే టీచరుకు ఈ సంగతి తెలియకపోతే పక్క రాష్ట్రం అంకె చూసి ఊరికే దిగులు పడుతుంది. ఇవన్నీ ఏ స్లైడు మీదా చూడలేదు. ఆ పిల్ల గొంతు నలుగురం కలిసి విన్నందుకు వచ్చాయి.

మేడంకు చివరికి ఇట్ల రాశాను: గణితంలో మీకు గుబులున్న చోటు ఉంటే జూన్ ట్రైనింగ్ వదలకండి. దీక్షాలో ఇంటి భాష కోర్సు ఒకటి చూడండి, మీది తండా బడి కాబట్టి. మోడల్ పేపర్లు దసరా ముందు రెండు రోజులు. కానీ నెలనెలా పట్టుకోవాల్సింది కాంప్లెక్స్. వచ్చేటప్పుడు రిజిస్టర్లతోపాటు ఐదుగురు పిల్లల తప్పు లెక్కలు, ఒకరి గొంతు తీసుకురండి. హెడ్మాస్టరు సార్‌తో మాట్లాడి మధ్యాహ్నం ఒక గంట నేను ఇప్పిస్తాను.

రాత్రి తొమ్మిదిన్నరకు ఆమె నుంచి ఫోటో వచ్చింది. రూళ్ల కాగితం మీద చేత్తో రాసిన ప్రశ్న, 61 − 36, కింద నాలుగు జవాబులు పెట్టడానికి నాలుగు గళ్లు. మూడే నింపింది. "సార్, నాలుగోది ఏం పెట్టాలో తోస్తలేదు. రెండు తప్పులకూ 35 ఏ వస్తుంది" అని కింద రాసింది.

"36 తీసేసి 37 పెట్టి చూడండి మేడం" అని జవాబిచ్చాను.