అరవై ఎలక్ట్రోడ్ల కిట్టు, భీమవరం కరెంటు

ఎనిమిది నెలలు వాడాం కాబట్టి రాస్తున్నా. మా కాలేజీ ల్యాబు భీమవరంలో. కంపెనీ పేరు రాయను, రాస్తే సర్వీసు కుర్రాడు ఇంకా ఆలస్యంగా వస్తాడేమోనని భయం. మొదటిసారి రావడానికే ఐదు వారాలు పట్టింది మరి.

వస్తువు ఏంటంటే, బతికున్న కణాల్లో పుట్టే కరెంటు సిగ్నళ్లని పట్టి రికార్డు చేసే, అరచేతిలో ఇమిడే గాజు పలక. దాని మధ్యలో మిల్లీమీటరున్నర మేర అరవై ఎలక్ట్రోడ్లు, ఒక్కోటి 30 మైక్రాన్ల వెడల్పు, మధ్యలో 200 మైక్రాన్ల ఎడం. కణాలకి సూది గుచ్చక్కర్లేదు, అవి ఎలక్ట్రోడ్ల మీద కూర్చుంటే చాలు, అందుకే పలక మీద పెరిగే ఒకే కల్చర్‌ని రోజుల తరబడి చూడొచ్చు. 1972లోనే కోడిపిండం గుండె కణాలతో ఈ పని చేసి చూపించారు. మాకూ కోడే దిక్కయింది. హేచరీ నుంచి గుడ్లు తెచ్చి, ఎనిమిదో రోజు పిండం గుండె లోంచి కణాలు విడదీసి పలక మీద వేస్తే, మూడో రోజుకల్లా అన్నీ కలిసి ఒకే లయలో కొట్టుకుంటున్నాయి.

మైక్రోస్కోపులో అంత చక్కగా ఉంటే స్క్రీను మీద మాత్రం అరవై గళ్లలోనూ లావుపాటి నల్లపట్టీ. 50 హెర్ట్జ్ నాయిస్, అంటే మెయిన్స్ కరెంటు నుంచి సిగ్నల్లోకి దూరే రొద. చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లని తెగ తిట్టుకున్నాం.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. పలక నుంచి వచ్చే సిగ్నల్ని పెంచే యాంప్లిఫయర్‌కి పవరు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే కాబట్టి రికార్డింగు ఆగలేదు. చూస్తుండగానే పట్టీ కాస్తా సన్నటి గీత అయిపోయి, అందులోంచి కణాలు కొట్టుకున్నప్పుడల్లా నిలువుగా ఓ పోటు, దాని వెనకే చిన్న మూపురం, మళ్లీ పోటు, మళ్లీ మూపురం! మేం మురిసిపోతుంటే అవతల హీటర్ ఆగిపోయి పలక చల్లబడుతోంది, నిమిషానికి తొంభై కొట్టుకునేది నలభైకి దిగింది.

తప్పు ఏరేటర్లది కాదు. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి మొదట అడిగిందే, "ఆయ్, ఎర్తు గోతిలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందండీ మేస్టారూ?" అని. గొయ్యి ఎండిపోయి ఎర్తు సరిగ్గా పనిచేయట్లేదన్నమాట. గొయ్యి తవ్వి కొత్తగా ఉప్పూ బొగ్గూ వేసి, పలక చుట్టూ రాగి మెష్ పెట్టె కట్టి దాన్నీ ఎర్తుకి కలిపాక కరెంటు ఉన్నా గీత సన్నగానే ఉంటోంది. గుండె కణాల సిగ్నల్ పెద్దది కాబట్టి బతికిపోయాం, న్యూరాన్ల (నాడీ కణాల) స్పైకులైతే పదుల మైక్రోవోల్టులే, వాటి జోలికి ఇంకా వెళ్లలేదు.

ఇంకో తలనొప్పి చెమ్మ. కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లోని తేమకి పలక అంచులకి చెమ్మ పట్టి యాంప్లిఫయర్ పిన్నులు సరిగ్గా ఆనవు, అంచుల్ని స్పిరిట్‌తో తుడవాలి. అంచుల్ని మాత్రమే! మావాడొకడు మధ్యలో చెవిపుల్ల పెట్టాడు, మూడు ఎలక్ట్రోడ్లు పోయాయి.

కిట్టుకి ఐదుకి నాలుగు, సర్వీసుకి ఒకటి. ఎర్తు గోతిలో బకెట్టు నీళ్లు పోసే డ్యూటీ ఇప్పుడు నాదే.