రోడ్ ట్రిప్పులకు టైర్ ఇన్‌ఫ్లేటర్: మా ఇద్దరికీ బాగా నచ్చింది
మేమిద్దరం కార్లో ఊళ్లు చూస్తూ, దారిలో ఫ్రెండ్స్ ఇళ్ల దగ్గర ఆగుతూ తిరుగుతుంటాం కాబట్టి, 12 వోల్టుల సాకెట్‌కి పెట్టుకునే ఈ గాలి పంపు చాలా పనికొచ్చింది. కావాల్సిన పీఎస్ఐ (టైర్లో గాలి ఒత్తిడి కొలత) సెట్ చేస్తే అక్కడికి రాగానే దానంతటదే ఆగిపోతుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. గాలి మాత్రం పొద్దున బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. కారు ఆపిన వెంటనే చూస్తే వేడికి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది, నిండా లగేజీతో వెళ్తే వేరే అంకె ఉండొచ్చు, అది కూడా చూడాలి. సౌండ్ ఎక్కువే. వైరు వెనక టైరు దాకా అందుతుందో లేదో చూసుకునే కొనండి. పంక్చర్‌ని ఇది బాగు చేయదు, గాలి మెల్లగా దిగుతుంటే షాపు దాకా చేరుస్తుంది, అంతే.