మూడు అరల హుండీ: ఏం చూసి కొనాలి, కొన్నాక ఎలా వాడాలి

పిల్లల కోసం దొరికే హుండీల్లో ఎక్కువ వాటి పని ఒకటే: డబ్బు లోపలికి పోవాలి, బయటికి రాకూడదు. మట్టిదైతే పగలగొట్టాలి, రేకుదైతే కోయాలి. అలాంటిది నిండేసరికి పిల్లలకు ఓపిక వస్తుందేమో గానీ, డబ్బు వాడటం రాదు. నేర్చుకోవాల్సిన అసలు సంగతంతా తీసేటప్పుడే ఉంటుంది. ఇప్పుడు తీయాలా, ఎంత తీయాలి, తీస్తే ఎంత మిగులుతుంది, తీసిన లోటు ఎన్ని వారాల్లో పూడుతుంది? అందుకే ఖర్చు, పొదుపు, సాయం అని మూడు అరలుండి, ఏ అరకు ఆ మూత ఉన్న పారదర్శకమైన హుండీనే ఇక్కడ పరిశీలనకు తీసుకున్నాం. ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే రకం లేదు. కాకపోతే ఈ రకంలోనూ తయారీ లోపాలున్నవి చాలానే ఉన్నాయి. మంచిది కొన్నా, పెద్దల తీరు వల్ల రెండు నెలలకే మూలపడేవి ఇంకొన్ని.

మొదట చూడాల్సింది, లోపలున్నది బయటికి కనబడుతోందా అని. చిన్నపిల్లలు ఎక్కువ తక్కువలను లెక్కతో కాదు, కంటితో కొలుస్తారు. పిల్లల ఆలోచనా తీరును పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే ప్రయోగాల్లో తేలిందీ అదే: సమాన సంఖ్యలో బిళ్లలున్న రెండు వరుసల్లో ఒకదాన్ని ఎడం ఎడంగా పరిస్తే, పొడుగ్గా కనబడిన వరుసలోనే ఎక్కువ ఉన్నాయంటారు. ఒక పెద్ద నోటు కన్నా గుప్పెడు చిల్లరే వాళ్లకు పెద్ద ధనం. అర గోడ పారదర్శకంగా ఉంటే, తీసివేతలు రాని పిల్లలకు కూడా ఖర్చు పెడితే మట్టం దిగుతుందన్న సంగతి కంటికి ఆనుతుంది. ఈ వయసు చేజారితే మళ్లీ రాదు. తర్వాతి డబ్బు ప్రవర్తనకు ఆధారమయ్యే మౌలిక భావనలు చాలామంది పిల్లల్లో ఏడేళ్లకే ఏర్పడతాయని 2013లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు డేవిడ్ వైట్‌బ్రెడ్, స్యూ బింగ్‌హామ్ తమ నివేదికలో చెప్పారు. కాబట్టి అరలకు రంగులు పూసి లోపల కనబడకుండా చేసిన రకాలు ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి.

తర్వాత మూతలు. అడుగున రబ్బరు బిరడా ఉన్నవి పదేపదే తీసి పెడితే వదులైపోతాయి. హుండీ ఎత్తగానే చిల్లరంతా జారుతుంది. పైగా బిరడా పీకితే అరలో ఉన్నదంతా ఒక్కసారే బయటపడుతుంది, కావలసిన నాలుగు నాణేలు తీసుకుని మిగతావి అలాగే ఉంచే వీలుండదు. తిప్పి తీసే వెడల్పాటి మూత ఉండి, పిల్లల చెయ్యి లోపలికి పట్టే రకం చూసుకోండి. ఎక్కువగా తెరిచేది ఖర్చు అరే కాబట్టి కనీసం దానికైనా అలాంటి మూత ఉండాలి. మూడింటికీ కలిపి ఒకే మూత పెట్టినవి అసలు పనికిరావు. ఒకటి తెరిస్తే మూడూ తెరుచుకుంటాయి, ఖర్చు చెయ్యి పొదుపులో పడుతుంది.

నాణెం వేసే సందు అంచులు నున్నగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. నాలుగు మడతలు పెట్టిన నోటు పట్టాలి; ఇరుకైతే సగంలో చిక్కుకుని, లాగితే చిరుగుతుంది. బరువు సంగతి చాలామంది ఆలోచించరు. నాణెం 5 గ్రాములనుకుంటే 200 నాణేలకే కిలో. ఆ బరువుతో బల్ల మీద నుంచి పడితే పలచని యాక్రిలిక్ డబ్బా అతుకుల దగ్గర విచ్చుకుంటుంది. పలకలు అతికించినవాటి కన్నా ఒకే అచ్చులో పోసినవి నయం.

తనంతట తానే లెక్కపెట్టే మూతల మీద మాకు సదభిప్రాయం లేదు. నాణెం వ్యాసాన్ని బట్టి విలువ గుర్తించే యంత్రం అది. ఏ దేశపు నాణేలకు తయారు చేస్తే వాటికే పనికొస్తుంది, నోటు వేస్తే పట్టించుకోదు. తీసిన డబ్బును మనం మీట నొక్కి తగ్గించకపోతే అంకె అలాగే నిలిచిపోతుంది. బ్యాటరీ మారిస్తే చాలా వాటిలో లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. అన్నిటికన్నా పెద్ద నష్టం, పిల్లలు నేల మీద పోసుకుని కుప్పలు పెట్టి లెక్కపెట్టడం మానేస్తారు. ఇలాంటిది ఇప్పటికే ఇంట్లో ఉంటే బ్యాటరీ అరకు మర బిగించి ఉందో లేదో ఇవాళే చూడండి. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోయే ప్రమాదం ఉంది. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో నాణేలు కూడా అందే ఎత్తులో పెట్టకూడదు.

పెట్టుబడికంటూ నాలుగో అర ఉన్నవీ దొరుకుతాయి. అమెరికాలో వచ్చిన మనీ సావీ పిగ్ అలాంటిదే. ఆలోచన మంచిదే గానీ, పొదుపుకూ పెట్టుబడికీ తేడా తెలియని వయసులో ఆ రెండు అరల్లోనూ జరిగే పని ఒకటే. చిన్నవాళ్లకు మూడు చాలు.

ఇక వాడకం. వారం వారం ఒకే రోజున, పది సమాన నాణేలుగా పాకెట్ మనీ ఇవ్వండి. ఒకే నోటుగా ఇస్తే పంచుకునే వీలుండదు, అది ఏదో ఒక అరలోకే పోతుంది. మొదట్లో ఖర్చుకు ఐదు, పొదుపుకు నాలుగు, సాయానికి ఒకటి అన్న పంపకం బాగా నడుస్తుంది. కొనాలనుకున్న వస్తువు బొమ్మను పొదుపు అర మీద అతికించి, కింద దాని ధర రాయించండి. ధర 24 నాణేలైతే వారానికి నాలుగు చొప్పున ఆరు వారాలు. కాగితం పట్టీ మీద ఆరు గళ్లు గీసి అర పక్కనే అంటించి, నాణేలు వేసినప్పుడల్లా పిల్లల చేతే ఒక గడి నింపించండి. ఐదారేళ్ల వాళ్లకు మొదటి లక్ష్యం మూడు నాలుగు వారాలు మించితే నీరసపడిపోతారు. ఎనిమిదేళ్ల వాళ్లు రెండు మూడు నెలలు ఆగగలరు.

ఏడెనిమిదేళ్లు వచ్చాక వడ్డీ మొదలుపెట్టవచ్చు. హుండీని బ్యాంకుగా మార్చేది ఇదే, దీనికి ఖర్చయ్యేది కొన్ని నాణేలే. నెలాఖరున పొదుపు అరలో ఉన్న ప్రతి పూర్తి పదికీ ఒక నాణెం కలపండి. 50 నాణేలు కదపకుండా ఉంచితే నెల నెలా 55, 60, 66, 72, 79, 86, 94 అవుతాయి, ఎనిమిదో నెలకు 103. మొదట్లో నెలకు ఐదే కలిసినవి చివరికి తొమ్మిది ఎందుకు కలుస్తున్నాయో పిల్లలనే అడగండి; చక్రవడ్డీకి ఇంతకన్నా మంచి పాఠం లేదు. నిజం బ్యాంకులు ఏడాదికి ఇచ్చే వడ్డీ కూడా ఇంత ఉండదని, త్వరగా కనబడాలని పెంచి ఇస్తున్నామని ముందే చెప్పాలి.

ఈ పద్ధతి చెడిపోయేది ఎక్కువగా పెద్దల మాట తప్పడం వల్లే. 2013లో పరిశోధకురాలు సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ప్రచురించిన ప్రయోగం ప్రతి ఇంట్లోనూ తెలియాల్సింది. బొమ్మలు గీసుకునే మంచి సామగ్రి తెస్తామని కొందరు పిల్లలకు చెప్పి తెచ్చారు, కొందరికి చెప్పి తేలేదు. తర్వాత ఒక మార్ష్‌మాలో (మెత్తని మిఠాయి) ముందు పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్న పెద్దల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పినవాళ్ల దగ్గర 3 నిమిషాలే. ఓపిక పిల్లల స్వభావం మీదే కాదు, ఎదుటివాళ్ల మీది నమ్మకం మీద కూడా ఆధారపడుతుంది. పాకెట్ మనీ రోజు మరిచిపోవడం, వడ్డీ రేపిస్తాననడం, చిల్లర కావాల్సి వస్తే చెప్పకుండా పొదుపు అరలోంచి తీసుకోవడం: ఈ మూడింటిలో ఏది జరిగినా ఆగడం దండగని పిల్లలకు మనమే నేర్పినట్టు. తీసుకోక తప్పకపోతే ఎంత తీసుకున్నదీ, ఎప్పుడు తిరిగి వేసేదీ చీటీ రాసి అదే అరలో వేయండి. పిల్లలు పొదుపులోంచి ఖర్చుకు తీసుకున్నా అదే నియమం.

మొదట్లో పిల్లలు తొలిరోజే ఖర్చు అర ఖాళీ చేసి, మూడో రోజుకు ఇంకా కావాలని ఏడుస్తారు. ఇవ్వకండి. వారం ఆగితే మళ్లీ ఐదు నాణేలొస్తాయి, ఆ ఆగడమే పాఠం. పనికిరాని వస్తువు కొన్నా తిట్టకండి. డబ్బు వాళ్లది, విరిగిన బొమ్మ చెప్పాల్సింది చెప్పేస్తుంది. సాయం అర ఎవరికి పోవాలో కూడా వాళ్లే తేల్చాలి. పెద్దలు తమకు తోచినచోట వేసేస్తే పిల్లలకు అది పన్నులా కనబడుతుంది.

డబ్బు చెల్లించడానికి పిల్లలకిచ్చే కార్డులు, యాప్‌లు పదేళ్లు దాటాక, శాతాలు వచ్చాక చూసుకోవచ్చు. నెలకు 40 నాణేలు వచ్చే ఖాతాకు నాలుగు నాణేల రుసుమంటే పదో వంతు అక్కడే పోయినట్టు. ఆ లెక్క పిల్లలు తామే వేసి చూపించినప్పుడు కార్డు ఇవ్వండి.

మంచి హుండీ దొరకకపోతే వెడల్పు మూతి ఉన్న మూడు ప్లాస్టిక్ సీసాలు ఇంతే బాగా పనిచేస్తాయి. పొదుపుకు పెద్దది, సాయానికి చిన్నది పెట్టండి. పేర్లు మాత్రం మూతల మీద కాకుండా సీసాల మీద అంటించండి, మూతలు తారుమారవుతాయి.